పాత మజిల్ కారులో కరెంటు పంపు లేకుండా పెట్రోలు ఇంజన్‌కి ఎలా చేరుతుంది?

1960ల నాటి అమెరికన్ మజిల్ కార్లలో (పెద్ద ఇంజన్ పెట్టిన జోరైన కార్లు) చాలావాటికి పెట్రోలు పంపును ఆడించేది ఇంజనే. షెవ్రొలే స్మాల్ బ్లాక్ వీ8 అనే ఎనిమిది సిలిండర్ల ఇంజన్‌నే చూడండి. ఇంజన్ వాల్వులను తెరిచే తిరుగుడు షాఫ్ట్, అంటే క్యామ్‌షాఫ్ట్, ముందు భాగంలో కేంద్రం తప్పిన గుండ్రటి దిమ్మె ఒకటి ఉంటుంది. షాఫ్ట్ తిరిగేకొద్దీ అది ఒక చిన్న ఉక్కు కడ్డీని నెడుతుంది, కడ్డీ పంపు లివర్‌ని నెడుతుంది. అదే కాలపు ఫోర్డ్ వీ8లలో ఈ కడ్డీ ఉండదు, లివరే నేరుగా దిమ్మెకి ఆనుకుంటుంది.

లివర్ కదిలినప్పుడు పంపులోని డయాఫ్రమ్ (వంగే రబ్బరు పొర) కిందికి దిగుతుంది. పైన ఖాళీ ఏర్పడి, వెనక ట్యాంకు నుంచి పెట్రోలు లోపలికి వస్తుంది. దాన్ని కార్బ్యురేటర్‌కి (పెట్రోలును గాలితో కలిపే భాగం) తోసేది మాత్రం లివర్ కాదు, డయాఫ్రమ్ కింద ఉన్న స్ప్రింగ్. చాలామంది పొరబడేది ఇక్కడే. రెండు వన్‌వే వాల్వులు పెట్రోలు వెనక్కి పోకుండా చూస్తాయి.

కార్బ్యురేటర్ గిన్నె నిండి సూది వాల్వు మూసుకుంటే స్ప్రింగ్ నెట్టలేదు. డయాఫ్రమ్ కిందే ఉండిపోతుంది, లివర్ ఊరికే ఆడుతుంది. అందుకే ఇంజన్ ఎంత వేగంగా తిరిగినా ప్రెషర్ సుమారు 5 నుంచి 7 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దగ్గరే ఉంటుంది. ఆ హద్దు పెట్టేది స్ప్రింగే. కంప్యూటర్ లేని రోజుల్లో భలే తెలివైన ఏర్పాటు!

ఇంజన్ ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అంటే డిప్‌స్టిక్, తీస్తే ఆయిల్ పెట్రోలు వాసన కొడుతోందా? డయాఫ్రమ్ చిరిగి పెట్రోలు ఆయిల్‌లోకి కారుతూ ఉండొచ్చు. ఆ కారణం తేలేదాకా బండి స్టార్ట్ చేయకండి, పల్చబడిన ఆయిల్ బేరింగులను తినేస్తుంది.