జైల్లో ప్రూనో తాగిన తమ్ముడు, డాక్టర్‌కి చెప్తే గుడ్ టైమ్ పోతుందా?

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటాను. ఫెడరల్ జైల్లో ఉన్న మా తమ్ముడు మొన్న అక్కడ సంచిలో పులియబెట్టిన మందు (ప్రూనో) తాగాడట. నిన్నట్నుంచి అన్నీ రెండుగా కనిపిస్తున్నాయంటాడు, ఫోన్లో మాట ముద్దముద్దగా వస్తోంది. డాక్టర్‌కి చెప్తే గుడ్ టైమ్ (మంచి ప్రవర్తనకి శిక్షలో తగ్గించే రోజులు) కట్ చేస్తారని నోరు విప్పట్లేదు. ఏం చెయ్యాలి?

జవాబు: అమ్మా, ముందు జైలుకి ఫోన్ చెయ్యండి, లా తర్వాత. డ్యూటీ లెఫ్టినెంట్‌ని (ఆ షిఫ్ట్ చూసే జైలు అధికారి) అడిగి, తమ్ముడి రిజిస్టర్ నంబర్ (ఖైదీ నంబర్) ఇచ్చి "ప్రూనో తాగాడు, రెండుగా కనిపిస్తోంది, బొటులిజం అనుమానం" అని ఇదే మాటల్లో చెప్పండి. వట్టిగా ఒంట్లో బాలేదంటే హ్యాంగోవర్ అనుకుని పడుకోమంటారు. ఎవరితో ఏ టైముకి మాట్లాడారో రాసిపెట్టుకోండి.

బొటులిజం అంటే కండరాల్ని చచ్చుబరిచే విషం జబ్బు. 2011లో యూటా జైల్లో 8 మందికి ఇదే అయింది, ఆ ప్రూనోలో బంగాళదుంప వేశారు, 2016లో మిస్సిసిపీ ఫెడరల్ జైల్లో 31 మంది జబ్బు పడ్డారు. దుంపకంటిన మట్టిలోని బ్యాక్టీరియా గాలాడని సంచిలో విషం చేస్తుంది, రుచిలో తెలీదు, కళ్ళ దగ్గర మొదలై మెడ, చేతులు, ఊపిరి కండరాల దాకా దిగుతుంది. యాంటీటాక్సిన్ (విషానికి విరుగుడు మందు) అక్కడితో ఆపుతుందంతే, అప్పటికే పడిపోయినదాన్ని వెంటనే లేపదు, అందుకే రేపు చూద్దాం అనడానికి లేదు.

గుడ్ టైమ్ సంగతి దాచను. తాగడం ఫెడరల్ జైలు రూల్స్‌లో కోడ్ 112, అన్నిటికంటే పెద్ద తప్పుల లిస్టులో ఉంది, రుజువైతే ఏడాదికొచ్చే 54 రోజుల్లో మామూలుగా కనీసం 41 పోతాయి. పోనీండి! వెంటిలేటర్ మీదకెళ్తే ఎలాగూ బయటపడుతుంది. ఆ తప్పు మీద జైల్లో జరిగే హియరింగ్‌లో తోడుగా స్టాఫ్ రిప్రజెంటేటివ్ (తన తరఫున సాయపడే జైలు ఉద్యోగి) కావాలని తమ్ముడు అడగొచ్చు. డాక్టర్‌కి కావాల్సింది ఎప్పుడు తాగాడు, ఎంత తాగాడు, ఇంకెవరు తాగారు, అంతే. ఎవరు చేశారో ఫోన్లో మీరు అడగొద్దు, అతన్ని చెప్పనివ్వొద్దు, ఆ కాల్స్ రికార్డవుతాయి, తయారీ (కోడ్ 111) కూడా అంతే పెద్ద కేసు.

తన చేతులారా తెచ్చుకున్నదే కదా అని వైద్యం ఎగ్గొట్టడానికి జైలుకి హక్కు లేదు. ఖైదీకి సీరియస్ జబ్బని తెలిసీ పట్టించుకోకపోవడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 1976లోనే ఎస్టెల్ వర్సెస్ గ్యాంబుల్ కేసులో చెప్పింది. వైద్యం లేట్ చేస్తే 20 రోజుల్లోపు అతనే బీపీ-9 ఫారం (జైలు వార్డెన్‌కి ఇచ్చే ఫిర్యాదు) పెట్టాలి, అదీ ఆ తర్వాతి అప్పీళ్ళ మెట్లన్నీ ఎక్కకుండా రాజ్యాంగ హక్కు కింద కోర్టుకెళ్తే కేసు కొట్టేస్తారు. ప్రభుత్వాన్ని నష్టపరిహారం అడగడానికి ఎస్ఎఫ్-95 ఫారం వేరే, దానికి రెండేళ్ళ గడువుంది. కాబట్టి ఇవాళ ఫారాలు వెతుక్కుంటూ కూర్చోకండి, ఫోన్ చెయ్యండి.