WWE లాంటి ప్రో రెజ్లింగ్‌లో గెలుపోటములు ముందే రాసుంటాయి కదా, మరి జపాన్ రెజ్లర్ కెంటా కొబాషిని అంత గొప్పవాడంటారేం?

మీరన్నదాంట్లో సగం నిజమే. ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు, అందులో ఇప్పుడు దాపరికం ఏమీ లేదు. కానీ గెలుపు ఎవరిదో అనుకున్నంత తేలిగ్గా, దెబ్బ తగలకూడదని అనుకోవడం కుదరదు కదండీ. కొబాషి కథంతా ఆ రెండో సగంలోనే ఉంది.

నేనూ చిన్నప్పుడు అండర్‌టేకర్ కార్డుల కోసం కొట్లాడుకున్న బ్యాచే. డిగ్రీకొచ్చేసరికి "అదంతా ఫేక్ రా" అని వదిలేశాను. తర్వాత ఉద్యోగం పని మీద టోక్యోలో ఉన్నప్పుడు మా ఆఫీసులో ఒక పెద్దాయన, కొబాషికి వీరాభిమాని, నన్ను కొరాకుయెన్ హాల్‌కి లాక్కెళ్ళారు. టోక్యో డోమ్ పక్కన బిల్డింగులో ఐదో అంతస్తు, మహా అయితే రెండు వేల మంది పడతారు, ఎక్కే మెట్ల గోడల నిండా అభిమానుల రాతలే. అప్పటికే కొబాషి రిటైరైపోయాడు. ఆరోజు రింగ్‌లో ఉన్నది ఆయన దగ్గర తయారైన గో షియోజాకి. చెయ్యి అడ్డంగా విసిరి ఎదుటివాడి ఛాతీ మీద ఒక్కటిచ్చాడు, వెనక వరసలో కూర్చున్న నేను ఉలిక్కిపడ్డాను. టీవీలో ఆ శబ్దం రాదు. కాసేపటికే ఆ ఛాతీ మీద వాతలు తేలిపోయాయి. మా పెద్దాయన నవ్వి, "కొబాషి చాప్ ఇంతకంటే గట్టిగా ఉండేది" అన్నారు. ఆ రాత్రి రూముకొచ్చి పాత మ్యాచ్‌లు వెతకడం మొదలుపెట్టాను.

కొబాషి పుట్టింది 1967లో, క్యోటో ప్రాంతంలోని ఫుకుచియామాలో. చదువయ్యాక క్యోసెరా కంపెనీలో ఉద్యోగం. అది మానేసి ఆల్ జపాన్ ప్రో రెజ్లింగ్‌కి అప్లికేషన్ పెడితే మొదట తిప్పి పంపారు. అయినా పట్టు వదలకుండా 1987లో చేరాడు, ఆ కంపెనీ యజమాని జెయింట్ బాబాకి సహాయకుడిగా సంచులు మోస్తూ పని నేర్చుకున్నాడు. 1988 ఫిబ్రవరిలో మొదటి మ్యాచ్. అక్కణ్ణించి ఒంటరిగా ఆడిన మ్యాచ్‌లలో వరుసగా 63 ఓటములు! రాసిపెట్టుకునే ఆటలో కూడా ఒక కుర్రాణ్ణి అన్నిసార్లు ఓడించారంటే, అతన్ని పైకి తేవాలని ఎవరికీ తొందర లేదన్నమాట. జనం మాత్రం ఆ ఓటముల్లోనే అతన్ని పట్టుకున్నారు.

90లలో మిసావా, కవాదా, తావే, కొబాషి, ఈ నలుగురే ఆ కంపెనీకి మూలస్తంభాలు. 1995 జూన్ 9న టోక్యోలోని బుడోకాన్ స్టేడియంలో జరిగిన ట్యాగ్ మ్యాచ్ (ఇద్దరిద్దరు జట్టుగా ఆడేది) తప్పకుండా చూడండి. కొబాషి కాలికి అప్పటికే దెబ్బ, తొడకి కట్టు. కవాదా, తావే ఇద్దరూ పని గట్టుకుని ఆ కాలి మీదే కొడుతుంటారు. చివర్లో తన జోడీ మిసావా లేవలేని స్థితిలో పడి ఉంటే, కొబాషి కుంటుకుంటూ వచ్చి అతని మీద అడ్డంగా పడుకుంటాడు, తిరిగి కొట్టే ఓపిక లేదు కాబట్టి కనీసం ఆ దెబ్బలు తనకి తగలనీ అన్నట్టు. మ్యాచ్ ఓడిపోతారు. జపనీస్ ఒక్క ముక్క రాకపోయినా నాకు గొంతు పట్టేసింది.

నాకు కబడ్డీలో లిగమెంట్ తెగి మోకాలి ఆపరేషన్ అయింది. ఫిజియోథెరపీలో కాలు వంచమంటే దేవుళ్ళందరూ కనిపించేవారు, ఇప్పటికీ మెట్లు దిగేటప్పుడు రైలింగ్ పట్టుకుంటాను. ఈ మనిషి రెండు మోకాళ్ళకీ, మోచేతులకీ ఆపరేషన్లు చేయించుకుని ఏడాదికి పైగా ఆటకి దూరంగా ఉన్నాడు, 2002 ఫిబ్రవరిలో తిరిగొచ్చిన మ్యాచ్‌లోనే మోకాలు మళ్ళీ దెబ్బతింది, మళ్ళీ కొన్ని నెలలు బయటే. అలాంటివాడు 2003 మార్చిలో మిసావాని ఓడించి, మిసావాయే పెట్టిన నోవా కంపెనీ పెద్ద బెల్ట్ గెలిచి, రెండేళ్ళు దాన్ని వదల్లేదు, 13 సార్లు నిలబెట్టుకున్నాడు. ఏ కంపెనీ అయినా మోకాళ్ళు పోయినవాడికి రెండేళ్ళు బెల్ట్ ఎందుకిస్తుంది? టికెట్లు తెగుతున్నాయి కాబట్టి. అది ఎవరూ రాసిపెట్టలేరు.

2006లో కిడ్నీ క్యాన్సర్. ఆపరేషన్ చేయించుకుని, చివరిగా ఆడిన మ్యాచ్ నుంచి 546 రోజులకి, 2007 డిసెంబర్ 2న బుడోకాన్‌లో మళ్ళీ దిగాడు. మన సినిమా అయితే హీరో ఆరోజు గెలిచి తీరాలి. వాళ్ళు ఓడించారు, అదీ మిసావా టాప్ రోప్ (రింగ్ చుట్టూ కట్టే పైతాడు) మీంచి ఎత్తి పడేస్తే.

అయితే ఇదంతా గొప్పే అని నేననను. ఎత్తి పడేస్తే మెడ మీద, తల మీద పడే వాళ్ళ పద్ధతి నాకు నచ్చదు. మిసావా 2009 జూన్‌లో హిరోషిమాలో మ్యాచ్ మధ్యలో ఒక సూప్లెక్స్ (ఎత్తి వెనక్కి పడేసే పట్టు) తిని మెడ దెబ్బతిని, ఆ రాత్రే చనిపోయాడు. 46 ఏళ్ళు. ఆ మాట తెలిశాక 90ల మ్యాచ్‌లు మునుపటిలా చూడలేం.

కొబాషి 2013 మే 11న బుడోకాన్‌లో దాదాపు 17 వేల మంది ముందు ఆట ముగించాడు. అవతల జట్టులో నలుగురూ ఒకప్పుడు అతని సంచులు మోసిన కుర్రాళ్ళే. టాప్ రోప్ ఎక్కి, ఆ మోకాళ్ళతోనే, వెనక్కి పల్టీ కొట్టే మూన్‌సాల్ట్‌తో గెలిచాడు.

కొత్తగా చూసేవాళ్ళు 2005 జూలైలో టోక్యో డోమ్‌లో కెన్సుకె ససాకితో ఆడినదాంతో మొదలుపెట్టండి. నిమిషాల తరబడి ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఛాతీ మీద చాప్‌లు ఇచ్చుకుంటూనే ఉంటారు, కథ తెలియకపోయినా పర్లేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకునే చూడండి.