మొదటి పర్మిట్లు రాసే ముందు

చిరంజీవి అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

అమెరికాలో ఉండే పెద్ద జింక జాతి, ఆ ఎల్క్ మంద బాధ్యత నీకు అప్పజెప్పారని అక్కయ్య ఫోన్లో చెప్పింది. చెప్పి ఊరుకుందా, "మందని పెంచుతామంటారు, మళ్లీ వేటకి పర్మిట్లిస్తామంటారు, ఇదేం చోద్యంరా?" అని అడిగింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేటంటే నేరమనే కదా మన ఇళ్లలో తెలుసు. నీ ఆఫీసుకీ ఇదే ప్రశ్నతో జనం వస్తారు. విసుక్కోకుండా కూర్చోబెట్టి అమెరికాలోని కెంటకీ రాష్ట్రం సంగతి చెప్పు.

అక్కడ దాదాపు నూటయాభై ఏళ్లు ఎల్క్ అన్నదే లేదు. 1997 డిసెంబరులో కాన్సస్ నుంచి ఏడింటిని తెచ్చి, బొగ్గు తవ్వేసి గడ్డి వేసిన కొండల మీద వదిలారు. 2002 దాకా ఆరు రాష్ట్రాల నుంచి పదిహేను వందల పైచిలుకు తెచ్చారు. 2001లో మొదటి వేటకి ఇచ్చిన పర్మిట్లు మాత్రం పన్నెండే. మగవాటికి ఆరు, ఆడవాటికి ఆరు. మిస్సోరీ ఇంకా నెమ్మది. 2011 నుంచి 2013 వరకు కెంటకీ నుంచే వందకు పైగా తెచ్చుకుని, 2020 దాకా ఆగి, ఐదంటే ఐదు ఇచ్చింది. అన్నీ మగవాటికే. ఆ ఐదింటికి వేలల్లో దరఖాస్తులు వచ్చాయి. అలాంటి లాటరీ డ్రా చూశాక "ఇంకో పాతిక కలపండి" అని నీ మీదా ఒత్తిడి వస్తుంది. దరఖాస్తుల సంఖ్య చూసి పర్మిట్లు పెంచకు తల్లీ.

అందరి కళ్లూ కొమ్ముల మీదే ఉంటాయి. నీ చెయ్యి వణకాల్సింది మాత్రం ఆడవాటి పర్మిట్ రాసేటప్పుడు. ఎదకాలంలో ఒక్క మగది ఎన్నో ఆడవాటిని చుట్టూ పెట్టుకుంటుంది కాబట్టి, రెండు మగవి పోయినా పిల్లల సంఖ్య తగ్గదు. ఆడది ఏడాదికి ఒక్క పిల్లనే ఈనుతుంది. అది పోతే వచ్చే ఏడు పిల్లా పోయినట్టే. అందుకని జూన్‌లో పుట్టిన పిల్లల్ని చూసి మురిసిపోకు. చలికాలంలో తల్లుల వెంట ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి, అప్పుడు పర్మిట్ల మాట ఎత్తు.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. ఒక ఏడు మేం ఆడవాటి పర్మిట్లు మొత్తం ప్రాంతానికి కలిపి ఇచ్చాం, ఏ కొండకి ఎన్ని అని విడదీయలేదు. వేటగాళ్లంతా రోడ్డు దగ్గరున్న ఒక్క గట్టుకే వెళ్లారు. సీజన్ అయ్యాక కాగితం మీద లెక్క చక్కగా సరిపోయింది. మర్నాడు తెల్లవారుజామున ఆ గట్టెక్కితే మంచు మీద ఒక్క గిట్ట గుర్తు లేదు. ఇరవై మైళ్ల అవతల మాత్రం మొక్కజొన్న రైతు ఎల్క్ మేసేసిన తన చేను చూపించి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. గట్టు మీద మంద మళ్లీ నిలదొక్కుకోవడానికి ఏళ్లు పట్టింది. ఆ ఉదయం నాకింకా కళ్లకు కడుతుంది. కాబట్టి ప్రాంతాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి వేరుగా పర్మిట్లు రాయి. పంట పాడయ్యే చోట ఆడవాటికి కాస్త ఎక్కువ, మంద పలచగా ఉన్నచోట సున్నా.

తుపాకీ తగలకుండా చచ్చేవాటినీ ముందే లెక్కలో వేసుకో. తూర్పు రాష్ట్రాల్లో తెల్లతోక జింకల నుంచి మెదడు పురుగు వస్తుంది. జింకకి ఏమీ కాదు, నత్తల ద్వారా అది ఎల్క్‌కి చేరితే మాత్రం పాపం తల ఒక పక్కకి వాల్చి, ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

పర్మిట్లు ఎక్కువ ఇచ్చామని తేలితే తగ్గించడానికి మొహమాటపడకు. కెంటకీ 2013లో వెయ్యి దాకా పోయి, తర్వాత కొన్నేళ్లలో ఆరు వందల లోపుకి దించింది. కోపంగా ఫోన్లు వస్తాయి. టెన్షన్ పడకుండా చలికాలపు లెక్క చదివి వినిపించు.

మొదటి సీజన్‌లో కొట్టిన ప్రతి ఎల్క్ దగ్గరికీ నువ్వే వెళ్లు. కింది దవడ ముందు పన్ను ఒకటి పీకి, కవరు మీద తేదీ, చోటు, ఆడో మగో రాయి. ఆ పన్ను కోసి చూస్తే చెట్టుకున్నట్టే వలయాలు కనిపిస్తాయి, వయసు తెలుస్తుంది. చలికి వేళ్లు కొంకర్లు పోతాయి, పెన్ను రాయదు. పెన్సిల్ పెట్టుకెళ్లు.

నీ మామయ్య