ఎలుకలకు తగ్గిన షుగర్ మనకూ తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 52. తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది. రెండు రకాల మాత్రలు వేసుకుంటున్నా ఈసారి హెచ్‌బీఏ1సీ 9.6 వచ్చింది. ఇన్సులిన్ మొదలుపెట్టాలని డాక్టర్ గారు రాసిచ్చారు. ఈలోగా మా అబ్బాయి ఫోన్‌లో ఒక వార్త చూపించాడు. ఒక్క ప్రొటీన్ ఇంజెక్షన్‌తో ఎలుకల్లో షుగర్ నార్మల్‌కు వచ్చిందట. అది వచ్చేదాకా ఇన్సులిన్ తీసుకోకుండా ఆగవచ్చా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఆగకండి. 9.6 అంటే గడిచిన రెండు మూడు నెలల్లో మీ షుగర్ సగటున 230 దగ్గర ఉన్నట్టు. అలాగే వదిలేస్తే కళ్లు, కిడ్నీలు, పాదాల నరాలు లోలోపలే దెబ్బతింటాయి. నొప్పి ఉండదు కాబట్టి మీకు తెలియదు.

వార్త అబద్ధమని నేను అనడం లేదు. 2014లో అమెరికాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు, లావెక్కి షుగర్ వచ్చిన ఎలుకలకు ఎఫ్‌జీఎఫ్1 అనే ప్రొటీన్ ఒక్క డోసు ఇచ్చారు. రెండు రోజులకు పైగా షుగర్ నార్మల్‌లో ఉంది, మరీ పడిపోనూ లేదు. మంచి ఫలితమే. కానీ ఇలాంటి పరీక్షల్లో ఎక్కువగా వాడే ఎలుకకు పుట్టుకతోనే లెప్టిన్ అనే హార్మోన్ తయారుకాదు. కడుపు నిండిన సంగతి మెదడుకు అందదు, తింటూనే ఉంటుంది. దాని తోక చివర నుంచి చుక్క రక్తం తీసి, మన ఇళ్లలో ఉండే గ్లూకోమీటర్ లాంటి దానితోనే షుగర్ చూస్తారు. అన్నిటికీ అదే జన్యులోపం, అదే మేత. మీ షుగర్ వెనక వంశం, వయసు, పొట్ట, తిండి, నిద్ర, తొమ్మిదేళ్లుగా అలసిపోతున్న క్లోమం, ఇన్ని ఉన్నాయి.

బీటాట్రోఫిన్ సంగతి కూడా మీ అబ్బాయికి చెప్పండి. 2013లో హార్వర్డ్ శాస్త్రవేత్త డగ్లస్ మెల్టన్ బృందం, ఈ ప్రొటీన్ ఎక్కువైన ఎలుకల్లో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు సగటున 17 రెట్లు వేగంగా పెరుగుతున్నాయని ప్రకటించింది. ఇక రోజూ సూది అక్కర్లేదేమోనని ప్రపంచమంతా ఆశపడింది. మరుసటి ఏడాదే ఇంకో బృందం చేసి చూస్తే ఆ పెరుగుదల కనిపించలేదు. మెల్టన్ బృందం మళ్లీ పరీక్షించుకుని, 2016లో తమ పరిశోధన పత్రాన్ని తామే వెనక్కి తీసుకుంది. అంత నిజాయతీ ఉన్నవాళ్లంటే నాకు గౌరవం. అయితే ఆ మూడేళ్లు మందు మానేసి ఎదురుచూసినవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్ల కిడ్నీలు ఎదురుచూడవు కదా!

ఇన్సులిన్ కూడా ప్రొటీనేనండీ. 1921లో టొరంటోలో కుక్కల మీద పరీక్షించారు. 1922 జనవరిలో 14 ఏళ్ల లియోనార్డ్ థాంప్సన్‌కు ఇచ్చిన మొదటి ఇంజెక్షన్ సరిగా పనిచేయలేదు. మందును ఇంకా శుద్ధి చేసి పన్నెండు రోజులకు మళ్లీ ఇస్తే షుగర్ దిగింది. జంతువులనూ మనుషులనూ దాటుకుని, నూరేళ్లుగా నిలబడిన మందు అది. మీ చీటీలో ఉన్నది అదే.

ఈ వారమే మొదలుపెట్టండి. ఇప్పుడు పెన్ సూది 4 మిల్లీమీటర్లే, పెద్దగా నొప్పి ఉండదు. బొడ్డుకు కాస్త దూరంగా పొట్ట మీద, రోజూ చోటు మారుస్తూ వేసుకోండి. మాత్రల్లో ఏవి ఆపాలో, ఏవి ఉంచాలో మీ డాక్టర్ గారినే అడగండి. చెమటలు, వణుకు వచ్చి షుగర్ 70 లోపు ఉంటే వెంటనే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూసుకోండి. కంటి పరీక్ష చేయించుకుని ఏడాది దాటితే, ఇన్సులిన్ మొదలుపెట్టిన నెలలోనే అదీ చేయించుకోండి.