సర్పగంధి మాత్రలు, చిగుళ్ల నుంచి రక్తం

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గాజువాక. మా నాన్నగారికి 68 ఏళ్లు. ఎవరో చెప్పారని బీపీకి ఏడాదిగా సర్పగంధి వేరు మాత్రలు వేసుకుంటున్నారు. రెండు నెలలుగా బ్రష్ చేస్తే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. ఆ మందు ఒంట్లో విటమిన్ సి తగ్గించేస్తుందని పరిశోధనల్లో తేలిందట, నిజమేనా? మాత్ర ఆపేసి నిమ్మరసం ఇవ్వమంటారా? మనిషి కూడా డల్‌గా ఉంటున్నారు, సాయంత్రం పేకాటకి పిలిచినా వెళ్లట్లేదు.

జవాబు: మీరు చివర్లో అనేసి వదిలేసిన మాట దగ్గరే నేను ఆగిపోయానమ్మా. సర్పగంధి వేరులో ఉండేది రిసర్పిన్. బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ 1949లో ఈ వేరు బీపీకి పనిచేస్తోందని రాశాక ప్రపంచమంతా దీనివైపు చూసింది, 1952లో స్విట్జర్లాండ్‌లో సీబా కంపెనీవాళ్లు అందులోంచి రిసర్పిన్ విడదీశారు. ఇది నరాల చివర నిల్వ ఉండే నార్‌ఎడ్రినలిన్, డోపమిన్, సెరొటోనిన్‌ అనే, నరాల మధ్య సంకేతాలు మోసే రసాయనాలను ఖాళీ చేసేస్తుంది, బీపీ దిగేది అందుకే, కొందరికి మనసు కుంగిపోయేదీ అందుకే.

ఇక విటమిన్ సి. రిసర్పిన్ ఇచ్చిన ఎలుకల్లో అడ్రినల్ గ్రంథిలోని సి తగ్గిందని పాత ప్రయోగాలున్న మాట నిజమే. కానీ ఎలుక తనకి కావలసిన సి తనే తయారు చేసుకుంటుంది, మనకి ఆ శక్తి లేదు, పైగా ఒక గ్రంథిలో తగ్గడం వేరు, మనిషికి సి లోపం రావడం వేరు. దాన్నిబట్టి మీ నాన్నగారి చిగుళ్ల సంగతి తేల్చలేం.

అలాగని సి లోపం ఉండదనీ అనలేను. పళ్లు కదులుతున్నాయని పళ్లూ పచ్చికూరలూ మానేసి చారన్నంతో సరిపెట్టుకునే పెద్దవాళ్లని చాలామందిని చూశాను. సి బాగా తగ్గితే నీరసం, దిగులు కూడా వస్తాయి, ఎందుకంటే డోపమిన్ నుంచి నార్‌ఎడ్రినలిన్ తయారవ్వాలంటే ఒంటికి అదే కావాలి. మగవాళ్లకి రోజుకి 80 మిల్లీగ్రాములు చాలు, పూర్ణా మార్కెట్లో దొరికే మంచి జామకాయ ఒక్కటి తిన్నా అంతకు మించే వస్తుంది. కొరకలేకపోతే పండింది గుజ్జు చేసి పెట్టండి. నిమ్మరసం ఇవ్వండి, తప్పులేదు, కానీ వంట పొయ్యి మీద ఉండగా పిండకండి, వేడికి సి పోతుంది.

మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, బీపీ పెరిగిపోవచ్చు. రేపే ఆ సీసా పట్టుకుని ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్లండి, రక్తం సంగతితో పాటు పేకాట మానేసిన సంగతీ చెప్పండి, అవసరమైతే ఆయనే మందు మారుస్తారు. షుగర్ చూపించి, పళ్ల డాక్టర్‌కీ చూపించండి, ఈ వయసులో రక్తానికి ఎక్కువసార్లు పళ్ల మీద పేరుకున్న గారే కారణం. ఆయన నోట "ఇంకెందుకీ బతుకు" లాంటి మాట వస్తే రేపటిదాకా కూడా ఆగకండి.