కోచ్‌కి మెయిల్ పంపకముందు ఒక్కసారి ఇది చదువు

ఒరేయ్ చిన్నా,

నిన్న రాత్రి పదకొండింటికి నువ్వు పంపిన మెయిల్ డ్రాఫ్ట్ చదివాను, పొద్దున కాఫీ తాగుతూ మళ్ళీ చదివాను, నా మాట విని దాన్ని ఇప్పుడే కోచ్‌కి పంపకు. కోపంలో ఇంగ్లీషు బాగానే వచ్చింది నీకు, అది ఒప్పుకుంటా, కానీ అందులో సగం తప్పు, మిగతా సగం కరెక్టే అయినా నువ్వు చెప్పిన కారణం తప్పు. ఇక్కడ అమెరికాలో పిల్లల ఆటల్లో 24 గంటల రూలు అని ఒకటుంది, మ్యాచ్ అయిన రోజంతా పేరెంట్స్ కోచ్ జోలికి వెళ్ళకూడదు అని, అది ఎవరు పెట్టారో గానీ మన ఇంటి మగాళ్ళని చూసి పెట్టినట్టే ఉంటుంది.

నువ్వనేది ఏంటి, నీ కొడుకు బుజ్జిగాడి అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ 20-14తో ఓడిపోయింది కోచ్ వల్లే, మావాడి వల్ల కాదు అని. పార్కింగ్ లాట్‌లో మిగతా నాన్నలు అన్నదేంటి, రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు, అంటే మనవాడే) రెండు ఫంబుల్స్ చేశాడు, రెండుసార్లు బంతి జారవిడిచాడు, అంతే, ఇంకేముంది అని. ఆ మాట బుజ్జిగాడు విన్నాడు, అందుకే నీకు మండింది, నాకూ మండింది, నేనూ అక్కడే ఉన్నాగా. కానీ మా పెద్దోడు హైస్కూల్లో కిక్కర్‌గా ఆడిన నాలుగేళ్ళూ వాళ్ళ టీమ్ స్టాట్స్ షీట్ నేనే రాశాను కాబట్టి ఒక సంగతి చెప్తా, టర్నోవర్లు (బంతి అవతలివాళ్ళకి పోగొట్టుకోవడం) అని ఒక ఖాతా, కోచింగ్ అని ఇంకో ఖాతా, ఇలా రెండు వేరు వేరు పుస్తకాలు ఉండవురా. బంతి జారిపోయింది అంటే దానికి ముందు ఒకటి జరిగి ఉంటుంది, తర్వాత ఒకటి జరుగుతుంది, ఆ రెండూ చూడకుండా మధ్యలో జారడం ఒక్కటే చూస్తే ఏమీ తెలీదు.

నీకు 2017 ఫిబ్రవరి 5 గుర్తుందా, మా ఇంట్లో మిరపకాయ బజ్జీలు వేసుకుని సూపర్ బౌల్ (అమెరికన్ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఫైనల్) చూశాం, హ్యూస్టన్‌లో మ్యాచ్, మన అట్లాంటా ఫాల్కన్స్ 28-3తో లీడ్‌లో ఉంటే నువ్వు ఆఫీసులో పార్టీ ఎవరివ్వాలి అని మెసేజీలు కొట్టుకుంటున్నావ్. తర్వాత ఏమైందో మళ్ళీ చెప్పి నీ పుండు మీద కారం చల్లను, ఓవర్‌టైమ్‌లో 34-28తో న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ ఎత్తుకెళ్ళిపోయారు, సూపర్ బౌల్‌లో ఓవర్‌టైమ్ దాకా వెళ్ళిన మొదటి మ్యాచ్ అదే. ఇప్పుడు ఎవర్నడిగినా మన క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు వేసేవాడు) మ్యాట్ రయన్ ఫంబుల్ వల్ల పోయింది అంటారు. సరే, లెక్కపెట్టు. ఆ రోజు అట్లాంటా టర్నోవర్ ఒక్కటే. న్యూ ఇంగ్లండ్‌వి రెండు, వాళ్ళ బ్లౌంట్ ఫంబుల్ ఒకటి, వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ బ్రేడీ వేసిన బంతిని మన ఆల్ఫర్డ్ పట్టుకుని 82 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ కొట్టింది ఇంకొకటి. ఎక్కువసార్లు బంతి పోగొట్టుకున్నవాళ్ళు గెలిచారు, ఒక్కసారి పోగొట్టుకున్నవాళ్ళు ఓడిపోయారు. మరి టర్నోవర్లు లెక్కపెట్టి ఓటమికి కారణం చెప్పేవాళ్ళు ఈ మ్యాచ్ దగ్గర ఏం చెప్తారు?

ఆ ఒక్క ఫంబుల్ సంగతే చూద్దాం. స్కోరు 28-12, నాలుగో క్వార్టర్‌లో ఇంకా ఎనిమిది నిమిషాల పైన ఉంది, మన 36 గజాల లైన్ దగ్గర థర్డ్ డౌన్ (పది గజాలు ముందుకెళ్ళడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో మూడోది), కావాల్సింది ఒక్క గజం. మన అఫెన్స్ కోచ్ షానహాన్ పరిగెత్తించకుండా బంతి విసిరే పాస్ ప్లే పిలిచాడు, మన డెవాంటా ఫ్రీమన్ అడ్డుకోవాల్సిన వాళ్ళ హైటవర్‌ని అడ్డుకోలేదు, హైటవర్ వచ్చి రయన్ చేతిలో బంతి ఊడగొట్టాడు, 25 గజాల దగ్గర వాళ్ళకి దొరికింది. ఇందులో తప్పు ఎవరిది? ఫ్రీమన్‌ది అనొచ్చు, నిజమే, బ్లాక్ మిస్ అయ్యాడు. అంత లీడ్ ఉండగా ఒక్క గజం కోసం పాస్ ఎందుకు పిలిచావయ్యా అని షానహాన్‌నీ అనొచ్చు. నా మటుకు నాకు ఆ కాల్ మీద అంత కోపం లేదు, ఎందుకంటే ఆ సీజన్ అంతా అలా ధైర్యంగా ఆడే గెలుచుకుంటూ వచ్చారు, రయన్‌కి ఎంవీపీ (ఆ సీజన్ మేటి ఆటగాడి అవార్డు) వచ్చిందీ ఆ ఆటతోనే.

నా కోపం వేరే చోట. ఆ ఫంబుల్ తర్వాత కూడా మనమే లీడ్‌లో ఉన్నాం, 28-20. మన జూలియో జోన్స్ సైడ్‌లైన్ పక్కనే కాలి బొటనవేళ్ళ మీద నిలబడి పట్టిన క్యాచ్ గుర్తుందా, వదిన కూడా లేచి చప్పట్లు కొట్టింది, అప్పుడే ఇండియా నుంచి వచ్చింది, దీన్ని కోడిగుడ్డు బంతి ఆట అనేది. ఆ క్యాచ్‌తో బంతి వాళ్ళ 22 గజాల దగ్గరకొచ్చింది, ఇంకా 4 నిమిషాల 40 సెకన్లు ఉంది. అక్కడ ఏమీ చేయకపోయినా చాలు, మూడుసార్లు రన్ చేసి మూడుసార్లూ ఒక్క గజం కూడా రాకపోయినా నలభై గజాల లోపు ఫీల్డ్ గోల్ (బంతిని స్తంభాల మధ్యకి తన్నడం, మూడు పాయింట్లు) ఉంది, కొడితే 31-20, పదకొండు పాయింట్ల తేడా, వాళ్ళకి రెండుసార్లు స్కోర్ చేయాల్సొస్తుంది. మనవాళ్ళు ఏం చేశారు, ఒక రన్, గజం వెనక్కి. తర్వాత పాస్ కోసం వెనక్కెళ్ళారు, వాళ్ళ ట్రే ఫ్లవర్స్ సాక్, అంటే బంతి విసరకముందే రయన్‌ని పడేశాడు, 12 గజాలు పోయాయి. తర్వాత మళ్ళీ పాస్, మన సాను పట్టుకున్నాడు గానీ మన జేక్ మాథ్యూస్ హోల్డింగ్ ఫౌల్ చేశాడు, ఇంకో పది గజాలు వెనక్కి. 22 దగ్గరున్న బంతి 45కి పోయింది, ఫీల్డ్ గోల్ లేదు ఏం లేదు, పంట్ కొట్టారు, అంటే బంతిని దూరంగా తన్ని వాళ్ళకి ఇచ్చేశారు. బ్రేడీ తన 9 గజాల లైన్ నుంచి మొదలుపెట్టి 91 గజాలు నడిపించి, ఇంకా 57 సెకన్లు ఉండగానే 28-28 చేశాడు.

ఇక్కడ టర్నోవర్ ఉందా? లేదు. స్టాట్స్ షీట్‌లో టర్నోవర్ గడిలో ఏమీ రాయను నేను. కానీ మ్యాచ్ పోయింది అక్కడే. పైగా గడియారం మీద ధ్యాసే లేదు, ప్లే క్లాక్‌లో (ఒక్కో ప్లే మొదలుపెట్టడానికి ఇచ్చే గడువు) బోలెడు సెకన్లు ఉండగానే ప్లే మొదలుపెట్టేస్తూ ఉన్నారు, మ్యాచ్ మొత్తం మీద బంతితో పరిగెత్తిన ప్లేలు 18, మన డిఫెన్స్ వాళ్ళేమో 93 ప్లేలు ఆడారు పాపం, చివర్లో కాళ్ళు కదల్లేదు వాళ్ళకి. (అదే షానహాన్ 2020లో జరిగిన సూపర్ బౌల్‌లో 49ర్స్ హెడ్ కోచ్‌గా నాలుగో క్వార్టర్‌లో 20-10 లీడ్ పెట్టుకుని చీఫ్స్ మీద 31-20తో ఓడిపోయినప్పుడు నేను సోఫాలో నవ్వానంటే పాపమే, కానీ నవ్వాను.)

అయితే దీన్ని పట్టుకుని చూశావా బాబాయ్ కూడా కోచ్‌నే అంటున్నాడు అని మురిసిపోకు, ఇంకోటుంది. అంతకు రెండేళ్ళ ముందు, 2015 ఫిబ్రవరి 1 సూపర్ బౌల్, ఒకవైపు సియాటిల్ టీమ్, ఇంకోవైపు మళ్ళీ అదే పేట్రియాట్స్. సియాటిల్ 28-24తో వెనకబడి ఉంది, మిగిలింది ఇరవై ఆరు సెకన్లు, ఒక గజం దూరం, మార్షాన్ లించ్ లాంటి దున్నపోతు పక్కనే ఉంటే పాస్ వేశారు, పేట్రియాట్స్ ఆటగాడు మాల్కమ్ బట్లర్ లాక్కున్నాడు, అయిపోయింది. లోకమంతా అప్పటి సియాటిల్ కోచ్ పీట్ కారల్‌ని తిట్టింది, ఇంతకంటే చెత్త కాల్ లేదన్నారు. నేను అలా అనను. సెకండ్ డౌన్, చేతిలో ఒక్కటే టైమౌట్ (గడియారం ఆపే అవకాశం), రన్ ఆగిపోతే ఆ టైమౌట్ ఖర్చయిపోతుంది, పాస్ కింద పడితే గడియారం దానంతటదే ఆగుతుంది, ఇంకో రెండు అవకాశాలుంటాయి. లెక్క తప్పు కాదు. ఆ పాస్ జనం మధ్యలోకి వేయడం నాకు నచ్చలేదు, అది వేరే సంగతి. కానీ అదే బంతి క్యాచ్ అయ్యుంటే కారల్ మేధావి అనేవాళ్ళు కాదా? రిజల్ట్ తెలిశాక మన అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూడా కోచేరా.

ఇంకా ముఖ్యమైన ముక్క చెప్తా, దీన్ని చాలామంది మర్చిపోతారు. ఆ వారం పేట్రియాట్స్ ప్రాక్టీస్‌లో సరిగ్గా అలాంటి ప్లేనే బట్లర్ మీద ఆడించారు, వాడు ఆలస్యంగా కదిలి దెబ్బతిన్నాడు, ఈసారి ముందే కదలాలి అని కోచ్‌లు చెప్పారు. మ్యాచ్‌లో ఆ ఫార్మేషన్ చూడగానే వాడికి వెలిగింది. అంటే సియాటిల్ టర్నోవర్ అని మనం రాసుకునేది అవతలి టీమ్ లెక్కలో కోచింగ్. అవతలివాళ్ళు కూడా వారమంతా కష్టపడి వచ్చారన్నది మనకి గుర్తే రాదు, మనం ఓడిపోయాం అంటే మనవాళ్ళెవరో చెడగొట్టాలి అనుకుంటాం.

సరే ఇప్పుడు మనోడి మ్యాచ్‌కి వద్దాం. మొదటి ఫంబుల్ వాడిదే, దాచుకోకు. సైడ్‌లైన్ వైపు పరిగెత్తుతూ బంతి లోపలి చేతిలో పెట్టుకున్నాడు, డిఫెండర్లు వచ్చే వైపు. బయటి చేతిలో ఉండాలి, ఎవరన్నా కొట్టినా సైడ్‌లైన్ బయటికి పోతుంది. నేను పై వరసలో కూర్చునే చేయి మార్చు చేయి మార్చు అని అరిచాను, తెలుగులో అరిచాననుకో, పక్కనాయన నన్ను అదోలా చూశాడు. రెండో ఫంబుల్ మటుకు వాడిది సగం, కోచ్‌ది సగం. మూడు నిమిషాలే ఉన్నాయి, అప్పటికే ఆ డ్రైవ్‌లో వరసగా నాలుగుసార్లు బంతి వాడికే ఇచ్చారు, దానికి ముందు డిఫెన్స్‌లో కూడా వాణ్ణే ఆడించారు, సెప్టెంబర్ జార్జియా ఎండలో పదమూడేళ్ళ పిల్లాడు నడుం మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నాడు, చూశాం కదా మనం. క్రికెట్‌లో క్యాచ్ వదిలేసినవాణ్ణి తిట్టేముందు వాణ్ణి అక్కడ నిలబెట్టిందెవరు అని అడగమూ? అలాంటిదే ఇది.

కానీ నీ డ్రాఫ్ట్‌లో అసలు విషయమే లేదు. మూడో క్వార్టర్‌లో వాళ్ళ 8 గజాల దగ్గర మనకి ఫస్ట్ డౌన్ దొరికింది గుర్తుందా? ఏ ప్లే ఆడాలో కోచ్ దగ్గర నుంచి మైదానంలోకి టైముకి రాలేదు, ఒక టైమౌట్ పోయింది, మళ్ళీ రాలేదు, డిలే ఆఫ్ గేమ్ (ఆలస్యం చేసినందుకు ఫౌల్), ఐదు గజాలు వెనక్కి, చివరికి ఒక్క పాయింట్ రాకుండా తిరిగొచ్చాం. ఓడింది ఆరు పాయింట్లతో. పార్కింగ్ లాట్‌లో ఒక్కడు కూడా దీని గురించి మాట్లాడలేదు, ఎందుకంటే అక్కడ బంతి కింద పడలేదు, ఎవరి పిల్లాడూ ఏడవలేదు. నువ్వు కోచ్‌ని ఏదైనా అడగాలంటే అడగాల్సింది ఇదీ.

అందుకని ఏం చేయాలంటే, ముందు వీడియో చూడు, ఒక్కడివే, వాడు పడుకున్నాక. కాగితం మీద ప్రతి ప్లేకీ స్కోరు, టైము, ఎన్నో డౌన్, ఎన్ని గజాలు, ఇవి రాసి వీడియో ఆపేయి, ఇక్కడ నేనైతే ఏం పిలిచేవాణ్ణి అని రాసుకున్నాకే ప్లే నొక్కు. నిజాయితీగా రాయి, నీ భార్య పక్కన కూర్చుంటే దొంగతనం చేయలేవు. పది ప్లేలు అయ్యేసరికి కోచ్ మీద కోపం సగం తగ్గుతుంది, మిగిలిన సగం ఏదో అదే నిజమైన కోపం. అప్పుడు కోచ్‌కి మెయిల్ కాదు, ప్రాక్టీస్ అయ్యాక పది నిమిషాలు మాట్లాడొచ్చా అని అడుగు. మా అబ్బాయికి నువ్వు ఎందుకు ఇలా చేశావ్ అని మొదలుపెట్టకు, వేరే పిల్లల పేర్లు అస్సలు ఎత్తకు, వాడు రెండు వైపులా ఆడాడు కదా అలసిపోతే ఎలా చూసుకుంటారు అని అడుగు, బంతి పట్టుకునే విషయంలో ఇంట్లో మేమేం చేయించాలి అని అడుగు. ఆ మనిషి కూడా పగలంతా ఉద్యోగం చేసుకుని సాయంత్రం జీతం లేకుండా వస్తున్నాడు.

బుజ్జిగాడికి టికీ బార్బర్ కథ చెప్పు. జెయింట్స్ రన్నింగ్ బ్యాక్, మంచి ఆటగాడు, కానీ 2003లో 9 ఫంబుల్స్, ఆ ముందు ఏడాదీ అన్నే, న్యూయార్క్ జనం వాణ్ణి బతకనివ్వలేదు. 2004లో టామ్ కాఫ్లిన్ కోచ్‌గా వచ్చాడు, ఆయన దగ్గర పనిచేసిన జెరాల్డ్ ఇంగ్రమ్ బంతి పట్టుకునే పద్ధతే మార్చాడు, మోచేయి మడిచి, బంతిని నిలువుగా, ఛాతీకి ఎత్తుగా అదిమి పట్టుకోవడం. 2005 సీజన్ మొత్తం మీద ఒక్క ఫంబుల్. మనిషి వాడే, చేతులు అవే. నీ చేతులు మంచివి కావు అని పార్కింగ్ లాట్‌లో ఎవరో అన్నారు కదా, దానికి జవాబు ఇదని చెప్పు. నువ్వు మాత్రం తప్పంతా కోచ్‌దే నాన్నా అని వాడికి చెప్పకు, వాడు లోపలి చేతిలో పట్టుకున్న సంగతి వాడికి తెలుసు, నువ్వు అబద్ధం చెప్తున్నావనీ తెలుస్తుంది.

శనివారం పొద్దున నేను వస్తా. పెసరట్లు వేయమని వదినకి చెప్పు. ఈలోగా వాణ్ణి ఇంట్లో ఎక్కడికెళ్ళినా బంతి చంకలో పెట్టుకునే తిరగమను, మెట్లెక్కినా, ఫ్రిజ్ తీసినా, హోంవర్క్ చేసుకున్నా. ఎవరైనా ఎప్పుడైనా వెనక నుంచి వచ్చి ఆ బంతి మీద ఒక్కటి కొట్టొచ్చు, అది రూలు, వదినకి కూడా చెప్పు, ఆవిడ కొడితే మటుకు వాడు జాగ్రత్తగా ఉండాలి, చిన్నప్పుడు మీ నాన్న చేతిలో బొంగరం అలాగే ఎగరగొట్టేదంట.

ఇట్లు,
బాబాయ్