ఊటీ డిటెక్టర్ల దగ్గరికి వెళ్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. కాస్మిక్ కిరణాల్ని, అంటే అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కణాల్ని కొలిచే గ్రేప్స్-3 ప్రయోగంలో పీహెచ్‌డీ చేయడానికి ఊటీ వెళ్తున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం వేసింది. వెళ్లేలోపు ఏం చదవమంటావని అడిగావు కదా, ఆ పుస్తకాల సంగతి మీ గైడ్ చూసుకుంటారు. డిటెక్టర్ల మధ్య బతికిన మనిషిని కాబట్టి నేను ఆ పని గురించే రాస్తాను.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకో. ఆ కొండ మీద నీకు కాస్మిక్ కిరణం నేరుగా దొరకదు. ఎక్కడో కిలోమీటర్ల ఎత్తున అది గాలిని గుద్దుకుంటుంది. ఆ దెబ్బకు కొత్త కణాలు పుడతాయి, అవి ఇంకొన్నిటిని పుట్టిస్తాయి, అలా పెరుగుతూ జల్లుగా కిందికి దిగుతాయి. 1937లో మన హోమీ భాభా, జర్మన్ శాస్త్రవేత్త హైట్లర్‌తో కలిసి లెక్కగట్టింది ఈ వరసనే. నీ చేతికొచ్చేది ఆ జల్లు ఒక్కటే. అందుకని పైనున్న గాలి, నీ డిటెక్టరు, దాని కేబులు ఏం చేస్తున్నాయో తెలియనిదే ఆకాశం గురించి నువ్వు ఒక్క మాట కూడా చెప్పలేవు.

ఊటీది చిన్న ప్రయోగమని ఎవరైనా అంటే పట్టించుకోకు. 10²⁰ ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తిని కొలిచే ప్రమాణం అది) కణాలు చదరపు కిలోమీటరుకు వందేళ్లకు ఒకటి వస్తే గొప్ప. వాటి కోసం అర్జెంటీనాలో పియర్ ఓజే అబ్జర్వేటరీ వాళ్లు 3000 చదరపు కిలోమీటర్లలో, 1.5 కిలోమీటర్లకొకటి చొప్పున 1600కు పైగా నీళ్ల ట్యాంకులు పెట్టుకున్నారు. ఊటీలో వెతికేది అంతకంటే చాలా తక్కువ శక్తి ఉన్నవాటిని, అవి రోజూ లక్షల్లో వస్తాయి. వాటి జల్లు కింద పరుచుకునే చోటు చిన్నది. అందుకే 25,000 చదరపు మీటర్లలో దాదాపు 400 సింటిలేటర్లు, అంటే కణం దూరితే మెరిసే పలకలు, 8 మీటర్ల ఎడంతో దగ్గరదగ్గరగా పెట్టారు. వాళ్ల ప్రశ్న వేరు, మీ ప్రశ్న వేరు.

ఇక టైమింగ్. జల్లు ముందుభాగం కాస్త వంగిన పళ్లెంలా, దాదాపు కాంతి వేగంతో వస్తుంది. ఏ డిటెక్టరును ముందు తాకింది, దేన్ని తర్వాత తాకింది అన్నదాన్ని బట్టే కణం వచ్చిన దిక్కు కడతాం. ఒక నానోసెకనులో కాంతి నడిచేది 30 సెంటీమీటర్లు. ఎక్కడో కేబుల్ పాడైతే బాగుచేసినవాళ్లు ఒక మీటరు ఎక్కువ వేశారనుకో. ఆ డిటెక్టరు సిగ్నల్ 5 నానోసెకన్లు వెనకబడుతుంది. అంతేనా అనిపిస్తుంది కానీ, పక్కనున్న డిటెక్టరుతో పోల్చి చూస్తే అది సుమారు 11 డిగ్రీల వంపు కింద లెక్క! కాబట్టి ఎవరు ఏ కేబుల్ ముట్టుకున్నా, కనెక్టర్ మార్చినా, తేదీ, టైముతో సహా లాగ్‌బుక్‌లో పడాలి. నువ్వు చేసిందైనా సరే, హెల్పర్ చేసిందైనా సరే. రెండేళ్ల తర్వాత థీసిస్ రాసేటప్పుడు ఆ ఒక్క లైనే నిన్ను కాపాడుతుంది.

క్యాలిబ్రేషన్‌ను బోరు పని అనుకోకు. మ్యూఆన్ అంటే ఎలక్ట్రాన్ లాంటిదే, కాస్త బరువైన కణం, జల్లుల్లో పుట్టి నేలదాకా దిగుతుంది. సముద్రమట్టం దగ్గరే చదరపు సెంటీమీటరుకు నిమిషానికి ఒకటి పడుతుంది. అంటే చదరపు మీటరు డిటెక్టరుకు సెకనుకు నూట యాభైకి పైనే. కొలబద్ద ఆకాశం నుంచే ఊరికే వచ్చి పడుతోందన్నమాట. ఒక్క మ్యూఆన్ నిటారుగా దూరితే ఎంత సిగ్నల్ వస్తుందో తెలిస్తే, జల్లులో ఎన్ని కణాలు పడ్డాయో చెప్పొచ్చు. పగటికీ రాత్రికీ చలి మారితే ఫోటోమల్టిప్లయర్ (సింటిలేటర్ మెరుపును కరెంటు సిగ్నల్‌గా మార్చి పెంచే గొట్టం) గెయిన్, అంటే అది ఎన్ని రెట్లు పెంచుతుందన్నది, కూడా మారుతుంది. పొద్దున తీసిన కొలతను రాత్రి డేటాకు అంటగట్టకు.

గాలి సంగతికొస్తే, వాయుపీడనం పెరిగిందంటే నీ నెత్తిమీద గాలి పెరిగినట్టే, డిటెక్టర్లకు దొరికే కణాల లెక్క తగ్గుతుంది. మన ఉష్ణమండలంలో పీడనం రోజుకు రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. ప్లాట్‌లో 12 గంటల అల కనిపిస్తే కొత్త విషయం దొరికిందని టెన్షన్ పడకు, ముందు బారోమీటర్ రీడింగు పక్కన పెట్టి చూడు.

అలాగని ఇబ్బంది పెట్టిన ప్రతిదాన్నీ కోసి పారేయకు. నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇదే. అక్కడి మ్యూఆన్ టెలిస్కోపులో 3712 ప్రొపోర్షనల్ కౌంటర్లు, అంటే కణం దూరితే సిగ్నల్ ఇచ్చే గ్యాసు గొట్టాలు, కాంక్రీటు దిమ్మల కింద ఉంటాయి, మొత్తం 560 చదరపు మీటర్లు. ఉరుములు మెరుపుల వేళ మేఘంలోని విద్యుత్తు మ్యూఆన్ల శక్తిని మార్చేసి ఆ లెక్కను అటూ ఇటూ చేస్తుంది. చెడ్డ డేటా అని కొట్టేయడం చాలా తేలిక. వాళ్లు కొట్టేయలేదు. 2014 డిసెంబరు 1న వచ్చిన ఉరుముల వానలో మ్యూఆన్లు సుమారు 2 శాతం తగ్గాయి. ఆ తగ్గుదలను తిరగేసి లెక్క కడితే మేఘంలో 130 కోట్ల వోల్టుల పొటెన్షియల్ ఉందని తేలింది. శాస్త్రవేత్త సి.టి.ఆర్. విల్సన్ 1929లో ఊహించిన స్థాయి అది. 2019లో ఆ పేపర్ వచ్చింది. బెలూన్లో, విమానంలో పరికరం పెట్టి మేఘమంతటినీ ఒకేసారి కొలవలేం కదా, మ్యూఆన్లు కొలిచి పెట్టాయి. డేటాను తీసేసే ముందు ఎందుకు తీసేస్తున్నావో రాసిపెట్టు. కారణం రాయలేకపోతే తీయకు.

దిక్కు సరిగ్గా కడుతున్నావా అన్న అనుమానం వస్తే చంద్రుణ్ణి అడుగు. అర డిగ్రీ వెడల్పున అతను అడ్డం నిలబడి కణాల్ని ఆపేస్తాడు. నెలల డేటా పేర్చాక ఆ నీడ ఉండాల్సిన చోట పడిందా, ఎంత మసకగా పడింది అన్నది చూస్తే నీ టైమింగ్ మంచీచెడూ బయటపడుతుంది. ఎవరి మాటా నమ్మక్కర్లేని పరీక్ష అది.

మొదటి వారంలోనే కంప్యూటర్ ముందు కూర్చోవద్దు. ఒక డిటెక్టరు మూత తీసి చూపించమని అడుగు. హైవోల్టేజ్ ఉండగా ఫోటోమల్టిప్లయర్ మీద వెలుతురు పడితే అది పాడవుతుంది, మూత తీసే ముందే హైవోల్టేజ్ ఆపించు. మళ్లీ మూసి, ఆన్ చేశాక సిగ్నల్‌ను గీతగా చూపే ఆసిల్లోస్కోప్ మీద పల్స్ వస్తుంది. దాని ఎత్తు, వెడల్పు నీ చేత్తో నోటుబుక్‌లో గీసుకో. కంప్యూటర్‌లో జల్లును నకలు చేసే సిమ్యులేషన్లు ఎంతవరకు నమ్మాలన్నది పెద్ద కథ, అది నువ్వు అక్కడ కుదురుకున్నాక రాస్తాను. స్వెటర్లు రెండు పెట్టుకో.

ఇట్లు,
మీ పెదనాన్న